ఇళ్ల మధ్యన బండల కొండ: అరిజోనాలో పినకిల్ పీక్

చెల్లెలి ఇల్లు ఫీనిక్స్ నగరం పక్కనున్న చాండ్లర్‌లో. మార్చి నెలలో వారం రోజులు ఉండి, మూడు కొండల్లో ఏది ఎక్కాలా అని చాలా ఆలోచించాను. ఫీనిక్స్ నడిబొడ్డున ఉన్న క్యామెల్‌బ్యాక్‌కి పేరెక్కువ, కానీ దాని మీదికెళ్లే ఎకో కాన్యన్ దారి ఒకచోట ఇనుప కమ్మీ పట్టుకుని పాకాల్సినంత నిటారు. పయెస్టెవా పీక్ మీద నాకు గౌరవం ఎక్కువ. 2003లో ఇరాక్‌లో చనిపోయిన హోపీ తెగ సైనికురాలు లోరీ పయెస్టెవా పేరు దానికి పెట్టారు. అంతకుముందు ఆ కొండకు ఆదివాసీ స్త్రీలను కించపరిచే పేరుండేది. అయితే అదీ మెట్టు మెట్టుగా మోకాళ్లను పరీక్షించే దారే. ఒక్కదాన్నే వెళ్తున్నాను కాబట్టి స్కాట్స్‌డేల్ ఉత్తరాన ఉన్న పినకిల్ పీక్‌కే ఓటేశాను.

శనివారం పొద్దున ఏడుకి చేరేసరికే పార్కింగ్ దాదాపు నిండింది. ప్రవేశ రుసుము లేదు, పార్కింగుకీ డబ్బు అడగరు. మొదట్లోనే శుభ్రమైన టాయిలెట్లు, తాగే నీళ్లు ఉన్నాయి. పైన ఏమీ దొరకవు. వెళ్లడానికి సుమారు రెండు మైళ్లు, రావడానికి అంతే. కుక్కలకు, సైకిళ్లకు అనుమతి లేదు, గుర్రాలకు ఉంది. దారి వెడల్పుగా, చక్కగా ఉంటుంది కానీ పొడి కంకర దిగేటప్పుడు కాలి కింద జారుతుంది. మామూలు వాకింగ్ షూస్ వద్దు, అడుగు పట్టున్నవి వేసుకోండి.

రెండో మలుపు తిరిగాక ఆగిపోయాను. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న గ్రానైట్ గుండ్లు. మన ఖాజాగూడ గుట్టలే! నా చిన్నప్పుడు హైదరాబాద్‌లో ఎటు చూసినా ఇలాంటివే ఉండేవి. అపార్ట్‌మెంట్ల కోసం ఎన్నింటిని పేల్చేశారో కళ్లారా చూశాను. ఇక్కడ కింద గోల్ఫ్ మైదానం, రిసార్టు, కోట్ల ఖరీదు చేసే ఇళ్లు కొండను ఆనుకునే ఉన్నాయి, కొండ మాత్రం కొండలాగే ఉంది. నాకు అసూయ కలిగింది, దాచుకోను.

రాళ్ల సందుల్లో సవారో జెముళ్లు. వీటికి ఒక్క చెయ్యి (పక్క కొమ్మ) మొలవడానికే యాభై ఏళ్లు పైన పడుతుందట. వాటి కాండంలో వడ్రంగిపిట్టలు తొలిచిన గూళ్లు. పక్కనే పాలో వెర్దే చెట్లు. ఎండాకాలం ఆకులు రాల్చేసి పచ్చటి బెరడుతోనే ఆహారం తయారుచేసుకుంటాయి.

జనం మాత్రం విపరీతం. పరుగెత్తేవాళ్లు, తాడుతో శిఖరం ఎక్కేవాళ్లు (నడకదారి శిఖరం దాకా వెళ్లదు), పిల్లల్ని వీపున కట్టుకున్న నాన్నలు. ఏకాంతం కోరేవాళ్లకు నిరాశే. నాకు ఆ సందడే ధైర్యం. అవతలి చివరికి దిగితే మళ్లీ అంతా ఎక్కాలి. అందుకే చాలామంది మధ్యలోనే వెనక్కి తిరుగుతారు. నేను చివరిదాకా వెళ్లాను, రెండు లీటర్ల నీళ్లూ అయిపోయాయి. గాలి ఎంత పొడిగా ఉంటుందంటే చెమట పట్టినట్టే తెలియదు. వేసవిలో మాత్రం ఈ ప్రయత్నం వద్దు. 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటింది. విపరీతమైన వేడి హెచ్చరిక ఉన్న రోజుల్లో క్యామెల్‌బ్యాక్, పయెస్టెవా దారుల్ని పగలు మూసేస్తారు కూడా.

తిరుగు దారిలో చీర మీద స్పోర్ట్స్ షూస్ వేసుకున్న ఒకావిడ, "ఏమ్మా, ఒక్కదానివే వచ్చావా?" అన్నారు. నరసరావుపేట నుంచి కొడుకు దగ్గరికి వచ్చారట. మాటల్లో పడి దారి అంచుకి జరిగాను, చోయా అనే జెముడు ముళ్ల ఉండ ఒకటి షూకి అతుక్కుంది. చేత్తో లాగబోయాను.

"ఆగమ్మా, వేళ్లకి గుచ్చుకుంటాయి" అని ఆవిడ సంచిలోంచి దువ్వెన తీశారు. నా షూ మీదికి వంగి, ముళ్ల కింద దువ్వెన పెట్టి ఒక్క విసురుతో ఊడగొట్టారు. పోయిన వారం మనవడి కాలికి గుచ్చుకుంటే ఇలాగే తీశారట.