గోదావరి జిల్లాల్లో పైపు గ్యాసు: మంటకి మంచి మార్కులు, గోతి పనికి తక్కువ మార్కులు

డెల్టా పట్నాల్లో పసుపు పైపు ఇళ్ల గోడలెక్కుతోంది. కనెక్షన్ తీసుకోవచ్చా అంటే, తీసుకోవచ్చు. గ్యాసు మంచిదే, మీటరు కొలతా నమ్మదగ్గదే. తేడా వచ్చేది నేల కింద అతుకుల్లో, గోడ మీద బిగింపులో. మన నల్లమట్టికీ, రెండడుగులకే ఊరే నీళ్లకీ తగ్గట్టు పని చేశారా లేదా అన్నదే చూసుకోవాలి.

ఈ సర్వీసు ఎవరిదో ముందు తెలుసుకోవాలి. ఉభయ గోదావరి జిల్లాల కోసం పెట్టిన గోదావరి గ్యాస్ రెండు సంస్థల ఉమ్మడి కంపెనీ. ఒకటి ఏపీ గ్యాస్ డిస్ట్రిబ్యూషన్ కార్పొరేషన్. దాన్ని రాష్ట్ర ప్రభుత్వ సంస్థా, కేంద్ర సంస్థ గెయిల్‌కి చెందిన గెయిల్ గ్యాసూ కలిసి పెట్టాయి. రెండోది పెట్రోలు, బండ గ్యాసు అమ్మే హెచ్‌పీసీఎల్. దాని షేర్లు బజార్లో కొనుక్కోవచ్చు. అందులో కేంద్రం వాటా 51.11 శాతాన్ని 2018 జనవరిలో ఓఎన్‌జీసీ కొనుక్కుంది. కాకినాడలో పనిచేసే భాగ్యనగర్ గ్యాస్ కూడా గెయిల్, హెచ్‌పీసీఎల్ కలిసి పెట్టినదే. ఇలా ఇది పూర్తిగా సర్కారుదీ కాదు, ప్రైవేటుదీ కాదు. పట్టణ గ్యాసు వ్యాపారంలో ఎక్కడైనా జరిగేది ఒకటే: లైసెన్సు కంపెనీ పేరు మీద ఉంటుంది, గొయ్యి తవ్వి అతుకు వేసేది కాంట్రాక్టరు మనుషులు. అందుకే గ్యాసు వదిలే రోజు కంపెనీ తరఫు ఇంజనీరో సూపర్‌వైజరో ఉండాలని పట్టుబట్టండి. గాలి పట్టించి గేజి ముల్లు దిగకుండా నిలబడిందని మీ కళ్లతో చూశాకే సంతకం పెట్టండి.

వీధిలో వేసే ప్లాస్టిక్ పైపులో గ్యాసు సుమారు 4 బార్ ఒత్తిడితో నడుస్తుంది (బార్ అంటే ఒత్తిడి కొలత, మిల్లీబార్ అందులో వెయ్యో వంతు). ఇంటి దగ్గర మొదటి రెగ్యులేటరు దాన్ని 100 మిల్లీబార్‌కి, మీటరు దగ్గరున్న రెండోది 21కి దించుతాయి. పైపుని ఒక మీటరు లోతున, ఇసుక పరిచి, పైన హెచ్చరిక పట్టీ వేసి పూడ్చాలి. అతుకు వేసేటప్పుడు పైపు పైపొర గీకి, తుడిచి, కప్లర్ అనే అతుకు గొట్టంలో దూర్చి, క్లాంపు బిగించి, కరెంటుతో కరిగిస్తారు. చల్లారేదాకా కదపకూడదు. మన దగ్గర పని చెడేది ఇక్కడే. గోతిలో నీళ్లుంటే తోడి, పైపు ఎత్తిపెట్టి, పొడిగా తుడిచాకే కరిగించాలి. చుక్క తడి ఉన్నా ఆవిరై అతుకులో బుడగ మిగులుతుంది. కప్లర్ మీద రెండు చిన్న గుండీలు పైకి లేస్తే పని అయిపోయిందంటారు. అవి లేస్తే లోపల ప్లాస్టిక్ కరిగిందని మాత్రమే అర్థం, అతుకు గట్టిదని కాదు.

అలాంటి అతుకు 4 బార్ లైన్లో ఉంటే గ్యాసు బయటికి పోతుంది, వాసన వస్తుంది, దొరికిపోతుంది. 100 మిల్లీబార్ లైన్లో ఉంటే వేరే చిక్కు. ఒక మీటరు ఎత్తు నీళ్లు 98 మిల్లీబార్ల ఒత్తిడి పెడతాయి. వానాకాలం నేలంతా నానినప్పుడు లైన్లో ఒత్తిడి కాస్త తగ్గిందంటే నీళ్లే పైపులోకి దూరతాయి. పొయ్యి మంట ఎగిరి పడుతుంటే, మీటరు దగ్గర గుడగుడ వినిపిస్తుంటే అనుమానించాల్సింది ఇదే. చుట్టుపక్కల ఇళ్లలోనూ అలా ఉంటే లైన్లో నీళ్లు, మీ ఒక్క ఇంట్లోనే ఉంటే మీ రెగ్యులేటరు. ఫిర్యాదులో ఈ తేడా చెబితే వచ్చే మనిషి సరైన పనిముట్లు తెచ్చుకుంటాడు.

గ్యాసులో నీళ్లంటే చిన్న మాట కాదని ఈ నేలకి తెలుసు. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం అనే ఊళ్లో పేలిన గెయిల్ లైను పొడి గ్యాసు కోసం వేసింది. అందులో తడి గ్యాసు నడవడం, పైపు లోపల తుప్పు తినడమే కారణమని విచారణలో తేలింది. ఇళ్లకొచ్చే ప్లాస్టిక్ పైపుకి తుప్పు పట్టదు గానీ, గోడ ఎక్కే ఇనుప పైపుకి పడుతుంది. అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పుగాలికి మర చుట్టిన చోట్ల, క్లాంపుల కింద ముందు రంగు ఊడుతుంది. ఏడాదికోసారి చూసి పసుపు రంగు వేయించండి. నల్లమట్టి వేసవిలో బీటలిచ్చి వానల్లో ఉబ్బుతుంది కాబట్టి, ప్లాస్టిక్ పైపు ఇనుప పైపుని కలిసే చోట లాగుడు పడుతుంది. అక్కడ పైపు బిగుతుగా కాకుండా కాస్త వదులుగా ఉండాలి.

రెగ్యులేటరుకి గాలి పీల్చే చిన్న రంధ్రం ఉంటుంది. అందులో బురద పడితే ఒత్తిడి అదుపు తప్పుతుంది. మీ వీధిలో 1986 ఆగస్టులోనో 2022 జూలైలోనో వరద నీళ్లొచ్చి ఉంటే, గోడ మీద ఆ గుర్తుకి పైనే మీటరు, రెగ్యులేటరు బిగించమనండి. మునిగినదాన్ని ఆరబెట్టి వాడకూడదు, మార్చాలి.

మున్సిపాలిటీ నీళ్ల పైపుకీ దీనికీ కనీసం అడుగు ఎడం ఉండాలి. నీళ్ల పైపు కారితే ఇసుకతో కలిసిన ధార ఆకురాయిలా పక్క పైపుని అరగదీస్తుంది. కుళాయి కనెక్షన్ కోసం గొయ్యి తవ్వే ముందు గ్యాసు కంపెనీకి ఫోన్ చెయ్యాలి.

పొయ్యి విషయానికొస్తే, గ్యాసు బండకి వాడిన పొయ్యికి జెట్లు, అంటే గ్యాసు చిమ్మే చిన్న రంధ్రపు ముక్కలు, మార్చాలి. ఈ గ్యాసుకి ఘనపు మీటరులో వేడి తక్కువ, అందుకే రంధ్రం పెద్దది కావాలి. పాత జెట్టునే డ్రిల్లుతో పెద్దది చేస్తామంటే ఒప్పుకోవద్దు. రంధ్రం గుండ్రం తప్పితే పసుపు మంట, గిన్నెలకి మసి. కొత్త జెట్లే అడగండి, పాతవి కవర్లో దాచుకోండి. కొత్త జెట్లతో ఎప్పుడూ బండ తగిలించవద్దు, మంట విపరీతంగా లేస్తుంది.

బండ గ్యాసు గాలికన్నా బరువు, కిందికి దిగుతుంది. పైపు గ్యాసు తేలిక, అటకలో చేరుతుంది. వంటింటి పైకప్పుకి దగ్గరగా తెరిచిన వెంటిలేటరు లేకపోతే ముందు అది పెట్టించండి.

ఖర్చు లెక్క తేలికే. 14.2 కిలోల బండలోని వేడి సుమారు 18 ఘనపు మీటర్ల పైపు గ్యాసుకి సమానం. బిల్లులో పన్నుతో కలిపిన ఘనపు మీటరు ధరని 18తో గుణించి బండ ధరతో పోల్చండి. ఇది జీఎస్టీలో లేదు, రాష్ట్ర వ్యాట్ పడుతుంది, ఆ శాతం మారితే బిల్లూ మారుతుంది. కనీస చార్జీ ఎంతో కూడా అడగండి. రాష్ట్ర ప్రభుత్వ దీపం-2 పథకం కింద ఏడాదికి మూడు బండలు ఉచితంగా వచ్చే చిన్న కుటుంబానికి బండే చవక. నెలకి బండ దాటే ఇంటికి, మూడో అంతస్తుకి మోయలేని వాళ్లకి పైపే సుఖం. మీటరు మీద నల్ల అంకెలే చదవాలి, ఎర్రవి దశాంశాలు. సగటు బిల్లు వస్తే అంకెల ఫోటో తీసి వెంటనే పంపండి.

వాసన వస్తే స్విచ్ వేయకండి, ఆపకండి. మీటరు దగ్గర వాల్వు కట్టేసి, కిటికీలు తీసి, బయటికొచ్చాక ఫోన్ చెయ్యండి. 1906 బండ గ్యాసు లీకులకి పెట్టిన నంబరు. పైపు గ్యాసుకి కంపెనీ ఎమర్జెన్సీ నంబరు వేరే ఉంటుంది, బిల్లు మీద చూసి మీటరు పక్కన గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి.