టెన్-4-ఫేసెస్‌పి: క్యాజువాలిటీ గోడ మీద ఉండాల్సిన కార్డు

నాలుగేళ్ల లోపు బిడ్డ ఒంటి మీద కమిలిన మచ్చ కనబడితే, అది ఆటలో తగిలిందా, ఎవరైనా కొట్టారా? డ్యూటీ డాక్టరు ఎప్పుడు అనుమానించాలో చెప్పే చిన్న నియమం ఇది. అమెరికాలో మేరీ క్లైడ్ పియర్స్ బృందం 2010లో దీని తొలి రూపం ప్రచురించింది. తర్వాత ఐదు పిల్లల ఎమర్జెన్సీ విభాగాల్లో రెండు వేలకు పైగా పిల్లల్ని పరిశీలించి 2021లో ఇప్పటి రూపానికి తెచ్చింది. ఖర్చు లేదు, పరికరం అక్కర్లేదు. విశాఖలో కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రికైనా, గాజువాక సందులో పది పడకల నర్సింగ్ హోముకైనా ఒకేలా పనికొస్తుంది. మా మార్కులు ఐదుకు నాలుగు.

చూడాల్సిన చోట్లు (ఇంగ్లిషులో వీటి మొదటి అక్షరాలతోనే ఆ పేరు వచ్చింది): మొండెం (ఛాతీ, పొట్ట, వీపు, తుంటి, పిరుదులు, మర్మాంగాలు), చెవి, మెడ. ముఖంలో పెదవుల లోపల, నాలుక కింద ఉండే సన్నని పొర, దవడ మూల, బుగ్గ కండ, కనురెప్ప, కంటి తెల్లగుడ్డు. వీటిలో ఎక్కడ మచ్చ ఉన్నా ఆగి ఆలోచించాలి. ఐదు నెలలు నిండని పసిబిడ్డకైతే ఒంటి మీద ఎక్కడ ఒక్క మచ్చ ఉన్నా చాలు. వేళ్లు, బెల్టు, పంటి గాటు లాంటి ఆకారం కనబడితే ఏ చోటైనా లెక్కే. దీని వెనక తర్కం సూటిగా ఉంటుంది. నడక నేర్చే పిల్లలు పడితే మోకాళ్లు, మోకాలి కింది ఎముక, నుదురు తగులుతాయి. మెత్తగా ఉండే బుగ్గ, భుజం చాటున ఉండే మెడ, చెవి అంత తేలిగ్గా కమలవు. ఇంకా బోర్లా పడడం రాని రెండు నెలల బిడ్డ తనంతట తాను ఒళ్లు కమిలించుకోలేదు.

ఆ అధ్యయనంలో, దెబ్బలు తిన్న పిల్లల్లో నూటికి 95 మందిని ఈ నియమం పట్టుకుంది. ప్రమాదవశాత్తూ గాయపడ్డవారిలో 87 మందిని సరిగ్గానే వదిలేసింది. అంటే మిగిలిన 13 మంది తల్లిదండ్రులు ఏ తప్పూ చేయకుండానే అనుమానపు గీటులోకి వస్తారు. కార్డు చేతిలో పట్టుకున్నవాళ్లు ఈ అంకె మరిచిపోకూడదు. కార్డు చెప్పేది "ఇంకా పరీక్షించు" అని మాత్రమే. తీర్పు చెప్పడం దాని పని కాదు.

ఒక మార్కు ఎందుకు తగ్గించామంటే, బట్టలు విప్పి చూస్తేనే ఈ కార్డు పనిచేస్తుంది. జ్వరం, ఏడుపు అని వచ్చిన బిడ్డను తల్లి ఒళ్లోనే, చొక్కా కాస్త ఎత్తి స్టెత్ పెట్టి పంపేసే చోట ఇది గోడకు అలంకారమే. బట్టలు పూర్తిగా తీయాలి. వెలుతురు బాగుండాలి. చామనఛాయ ఒంటి మీద లేత మచ్చ ట్యూబ్‌లైట్ కింద ఆనదు, టార్చి వాడాలి. చెవి డొప్పను ముందుకు మడిచి వెనక చూడాలి, గడ్డం ఎత్తి మెడ మడతలు చూడాలి, పై పెదవి తిప్పి చూడాలి. బుగ్గ మీద పెద్ద దిష్టిచుక్క ఉంటే తడి దూదితో తుడిచి చూడాలి. అన్నీ కలిపి మూడు నిమిషాల పని.

మన దగ్గర పొరబడే చోట్లు కార్డు మీద లేవు. నడుము, పిరుదుల మీద పుట్టుకతో వచ్చే నీలిమచ్చలు మన పిల్లల్లో చాలా ఎక్కువ. అవి నొక్కితే నొప్పి ఉండదు, వారం తర్వాత చూసినా రంగు మారదు. బిగుతు మొలతాడు నడుం చుట్టూ గీత పెడుతుంది. కొత్తగా చెవులు కుట్టించిన బిడ్డకు తమ్మె కందితే కుట్టు ఉన్న చోటేనా అని చూడాలి. డొప్ప పైభాగం కమిలి ఉంటే అది కుట్టు వల్ల కాదు. ప్లేట్‌లెట్ల లెక్క, రక్తం గడ్డకట్టే తీరు చెప్పే పీటీ, ఏపీటీటీ పరీక్షలు చేయకుండా ఎవరినీ వేలెత్తి చూపకూడదు. ప్లేట్‌లెట్లు పడిపోయినా, రక్తం సరిగ్గా గడ్డకట్టని హీమోఫీలియా జబ్బు ఉన్నా, పసిబిడ్డకు విటమిన్ కె తక్కువైనా ఇలాంటి మచ్చలే వస్తాయి.

కాలిన గాయాలు, విరిగిన ఎముకలు ఈ కార్డు పరిధిలోకే రావు. వేడినీళ్లు ఒలికితే గాయం పైనుంచి కిందికి జారి సన్నబడుతుంది. బలవంతంగా ముంచితే మేజోడు తొడిగినట్టు ఒకే గీత దగ్గర ఆగిపోతుంది. పొట్ట మీద పెట్టించిన వాత వైద్యమనే నమ్మకంతో పెట్టింది కావచ్చు, అయినా నమోదు చేయాల్సిందే. అలాగే ఒంటి మీద మచ్చ ఒక్కటీ లేకుండానే తలలోపల రక్తస్రావం ఉండొచ్చు. కార్డుకు ఏమీ తగల్లేదని బిడ్డను క్షేమమనుకుంటే ప్రమాదం.

అనుమానం నిలబడితే, రెండేళ్ల లోపు బిడ్డకు పూర్తి ఎముకల ఎక్స్‌రేలు కావాలి. ఒళ్లంతా ఒకే ఫిల్ములో తీసి చేతులు దులుపుకుంటే పక్కటెముకల, ఎముక చివర్ల చిన్న విరుగుళ్లు కనబడవు. రెండు వారాలకు మళ్లీ తీయాలి, తాజాగా విరిగిన పక్కటెముక అతుకు పడేటప్పుడే తెలుస్తుంది. పాడేరు, అరకు నుంచి వచ్చిన తల్లి మళ్లీ వస్తుందని వదిలేయకుండా ఏఎన్ఎం పేరు, ఫోను రాసి పెట్టుకోవాలి. కాలేయం దెబ్బను పట్టిచ్చే రక్తపరీక్షలు ఏఎస్‌టీ గానీ ఏఎల్‌టీ గానీ 80 దాటితే పొట్టకు సీటీ స్కాన్ ఆలోచించాలి.

తల్లితో విడిగా, నాయనమ్మ, మేనత్తల గుంపు లేకుండా మాట్లాడాలి. "మంచం మీంచి పడ్డాడు" అంటే ఎంత ఎత్తు, ఎవరు చూశారు, ఎన్ని గంటలకు, ఇప్పటిదాకా ఎందుకు ఆగారు అని అడిగి, వాళ్ల మాటల్లోనే రాయాలి. ఎంఎల్‌సీలో (పోలీసు కేసు కోసం డాక్టరు రాసే నివేదిక) మచ్చ చోటు, కొలత, రంగు రాయండి, మచ్చ వయసు మాత్రం రాయొద్దు. రంగు చూసి మచ్చ ఎన్ని రోజులదో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. కోర్టులో కేసు వీగిపోవడానికి ఆ ఒక్క మాట చాలు.

లైంగిక దాడి అనుమానం ఉంటే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ కింద పోలీసులకు చెప్పడం తప్పనిసరి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష. చికిత్సకు మాత్రం ఎఫ్ఐఆర్ కోసం ఆగకూడదు, ఆడపిల్లను మహిళా డాక్టరే పరీక్షించాలి. ఇంటికి పంపితే ప్రమాదమనిపించిన బిడ్డను 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం, ప్రయాణ సమయం కాకుండా 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందుంచే అధికారం డాక్టరుకూ నర్సుకూ ఉంది. పిల్లల సహాయానికి ఉన్న ఫోను నంబరు 1098 అర్ధరాత్రి కూడా పనిచేస్తుంది. కార్డు ప్రింటు తీసేటప్పుడు ఆ నంబరు కింద పెద్ద అక్షరాల్లో వేయించండి.