గుడ్డ బ్యాండ్ కొనండి, డబ్బా మీద రాసింది మాత్రం నమ్మకండి

పిరుదుల వ్యాయామానికని అమ్మే బ్యాండ్ల (తొడల చుట్టూ తొడుక్కునే సాగే పట్టీల) సెట్లు రెండు రకాలు. పల్చటి లేటెక్స్ రబ్బరువి ఒకటి, లోపల రబ్బరు దారాలు వేసి నేసిన గుడ్డవి ఇంకొకటి. కొనేట్టయితే గుడ్డవే కొనండి. రబ్బరుది నాలుగడుగులు వేసేలోపే తాడులా చుట్టుకుపోయి తొడని కోస్తుంది. అంచున చిన్న చీలిక కనిపిస్తే ఇక వాడొద్దు, సాగదీసినప్పుడు అక్కడే తెగి ఫట్‌మని తగులుతుంది. లేటెక్స్ పడనివాళ్లకి దద్దుర్లు అదనం.

గుడ్డదాన్ని తిరగేసి చూడండి. లోపలివైపు రబ్బరు గీతలుంటేనే జారకుండా నిలుస్తుంది. అతుకు దగ్గర ఒకే వరస కుట్టుంటే ముందు విడిపోయేది అదే. రంగు చూసి బిగువు అంచనా వేయొద్దు, ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. సెట్టులో అన్నిటికన్నా బిగువుది మొదట్లో దండగే: మోకాళ్లు తెరుచుకోవు, ఒళ్లంతా ఊగుతుంది.

బ్యాండ్ నిజంగా పనికొచ్చేది పిరుదు పక్కనుండే గ్లూటియస్ మీడియస్ కండరానికి. మోకాళ్లకి రెండంగుళాల పైన తొడుక్కుని, మోకాళ్లు కాస్త వంచి, ఒక పక్కకి పదడుగులు, మళ్లీ రెండో పక్కకి పది. ఇలా మూడుసార్లు. ఎక్కువమంది చేసే తప్పు రెండో కాలిని మొదటిదాని పక్కకి తెచ్చి ఆనించేయడం. బ్యాండ్ వదులైపోతే ఆ అడుగు లెక్కలోకి రాదు. పాదాల మధ్య కనీసం జానెడైనా ఉండాలి. పక్కకి పడుకుని, మడమలు కలిపి, పై మోకాలు తెరిచే వ్యాయామం ఒక్కో పక్కకి 15 సార్లు చాలు. తుంటి వెనక్కి దొర్లుతోందంటే మోకాలు అతిగా తెరుస్తున్నట్టే.

అసలు చిక్కు బ్రిడ్జ్ అనే వ్యాయామం దగ్గరొస్తుంది. వెల్లకిలా పడుకుని నడుము ఎత్తేటప్పుడు పనిచేసేది పెద్ద కండరం, గ్లూటియస్ మాక్సిమస్. బ్యాండేమో మోకాళ్లని లోపలికి లాగుతుందే తప్ప పైకెత్తే బరువు పెంచదు. కాబట్టి 15 చొప్పున మూడు విడతలు సులువైపోయాక, తుంటి ఎముకల మీద మడతపెట్టిన తువ్వాలు వేసి, దానిపైన 5 కిలోల బియ్యం సంచి పెట్టండి. ఆ తర్వాత 10 కిలోలది. పైన రెండు సెకన్లు ఆగి, పిరుదులు బిగించి, నెమ్మదిగా దించండి. తొడ వెనక పట్టేస్తోందా? మడమలు దూరంగా ఉన్నాయి, పైకెత్తినప్పుడు మోకాలి కింద నిలువుగా ఉండేలా దగ్గరికి జరపండి. నడుము నొస్తే మరీ ఎత్తుగా లేపి వీపు విల్లులా వంచుతున్నారన్నమాట.

ఇక డబ్బా మీద రాసే "ఇక్కడి కొవ్వు కరుగుతుంది" అన్న మాట. కరగదు. కొవ్వు తగ్గడం తిండిని బట్టి ఒళ్లంతా జరిగేది, ముందు ఎక్కడ తగ్గాలో మన చేతుల్లో లేదు. వ్యాయామం ఆ కొవ్వు కింద ఉండే కండరాన్ని గట్టిపరుస్తుంది, ఆకారం దాంతోనే మారుతుంది. వారానికి మూడుసార్లు, మధ్యలో ఒక రోజు విడుపు ఇచ్చి చేయాలి. తుంటికో మోకాలికో ఆపరేషన్ అయినవాళ్లు ఫిజియోథెరపిస్టుని అడిగాకే.

లెగ్గింగ్ మీద వేసుకోండి, నున్నటి సిల్కు ప్యాంటు మీద ఏ బ్యాండూ నిలవదు. ఉతకడం చేత్తో, చల్లనీళ్లలో. డాబా మీద ఎండలో ఆరేస్తే రబ్బరు దారాలు పెళుసెక్కుతాయి, నీడన ఆరేయండి.