అమెరికా ఆర్మీ వెండి డాలర్ (2011): నాణెం బాగుంది, దాన్ని పుట్టించిన చట్టం ఇంకా బాగుంది

ముందే చెప్పేస్తున్నా, ఐదుకి నాలుగు స్టార్లు. ఒకటి ఎందుకు తగ్గించానో కింద రాశాను.

కోఠి వైపు పాత నాణేలు అమ్మే ఒక దుకాణంలో కొన్నాను. ఏడు వేలు చెప్పాడు, ఆరున్నరకి దిగాడు. పెట్టె ఉంది, క్యాప్సూల్ ఉంది, సర్టిఫికెట్ ఉంది. ప్రూఫ్ రకం, అంటే సేకరించేవాళ్ల కోసం మెరుగుపెట్టిన అచ్చుతో ప్రత్యేకంగా వేసింది. మీద ‘పి’ అక్షరం, అంటే ఫిలడెల్ఫియా టంకశాలది. నేను ఈఎంఈలో (మన ఆర్మీలో యంత్రాలు, వాహనాలు బాగుచేసే విభాగం) లేత్ మీద పనిచేసి రిటైరైన మనిషిని, ఇప్పుడు యాప్రాల్‌లో ఉంటున్నాను. చేతికి ఏ లోహం వచ్చినా ముందు చూసేది బొమ్మని కాదు, అంచుని. ఈ అంచు మీద గాట్లు చుట్టూ ఒకే లోతులో, ఒకే ఎడంలో ఉన్నాయి. బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీ జాగా అద్దంలా మెరుస్తుంది, బొమ్మ మాత్రం మంచు పట్టినట్టు తెల్లగా ఉంటుంది. ఈ తేడా రావాలంటే అచ్చుని విడిగా మెరుగుపెట్టాలి, ఒక్క దెబ్బతో వచ్చే పని కాదు. ఆ పనితనానికే నా మొదటి రెండు స్టార్లు.

లెక్కలు అడిగేవాళ్ల కోసం: బరువు 26.73 గ్రాములు, వ్యాసం 38.1 మిల్లీమీటర్లు, 90 శాతం వెండి, 10 శాతం రాగి. అంటే అసలు వెండి 24 గ్రాములు. పాట్ మార్కెట్‌లో నాకు తెలిసిన కంసాలి తూచి, ఆ రోజు రేటు కట్టి, "బాబాయ్, మిగతాది బొమ్మకి ఇచ్చారు" అన్నాడు. నిజమే, బొమ్మకే ఇచ్చాను.

ముందువైపు ఒక మగ సైనికుడు, ఒక మహిళా సైనికురాలు వీపులు ఆనించుకుని నిలబడి ఉంటారు, వెనక భూగోళం. హెల్మెట్ పట్టీ దాకా చెక్కారు. రెండో వైపు అమెరికా రాజముద్ర, దాని చుట్టూ వాళ్ల ఆర్మీ చెప్పుకునే ఏడు విలువలు: విధేయత, కర్తవ్యం, గౌరవం, నిస్వార్థ సేవ, పరువు, నిజాయితీ, ధైర్యం. నేను కోసిన స్టారు ఇక్కడే. అంత చిన్న జాగాలో అన్ని మాటలు పెడితే కళ్లజోడు ఉన్నా భూతద్దం కావాల్సిందే. మా ఈఎంఈ ‘కరమ్ హి ధరమ్’ అని మూడు మాటల్లో తేల్చేసింది.

అమ్మినాయన ఒక మాట అన్నాడు. "సార్, ఇది కొంటే పైసలు సోల్జర్లకి పోతాయి." పోవు. ఇది అందరూ తెలుసుకోవాలి, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అమెరికాలో ఇలాంటి స్మారక నాణెం వేయాలంటే టంకశాల తనంతట తాను వేయలేదు. ఒక్కో నాణేనికీ పార్లమెంటు విడిగా చట్టం చెయ్యాలి. దీని చట్టం మీద 2008 డిసెంబర్ 1న సంతకమైంది, నాణేలు 2011లో అమ్మారు, ఆ ఒక్క ఏడాదే. మా మనవరాలు ఆ చట్టం ప్రింట్ తీసిచ్చింది. కొద్ది పేజీలే, కానీ అన్నీ అందులోనే ఉన్నాయి. ఆర్మీ పేరు మీద మూడు రకాలు వేయాలి: ఐదు డాలర్ల బంగారు నాణేలు లక్షకి మించకూడదు, వెండివి ఐదు లక్షలు, అర డాలర్లు ఏడున్నర లక్షలు. ధర మీద అదనంగా బంగారానికి 35 డాలర్లు, వెండికి 10, అర డాలరుకి 5 వసూలు చెయ్యాలి. ఆ సొమ్ము వర్జీనియాలోని ఫోర్ట్ బెల్వాయిర్‌లో ఆర్మీ మ్యూజియం కట్టడానికి ఆర్మీ హిస్టారికల్ ఫౌండేషన్‌కి వెళ్లాలి. అదీ టంకశాల ఖర్చంతా తిరిగొచ్చాకే. ప్రభుత్వం మీద ఒక్క పైసా భారం పడకూడదు. ఇంకో మెలిక ఉంది: ఆ సంస్థ కూడా అంత మొత్తం బయట చందాలు పోగుచెయ్యాలి, లేకపోతే ఈ సొమ్ము చేతికి రాదు. ఏడాదికి రెండు విషయాల మీదే స్మారక నాణేలు వేయాలన్న హద్దు కూడా వేరే చట్టంలో ఉంది. 2011లో ఇదొకటి, వాళ్ల అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్ మీద వేసిన నాణేలు రెండోది, అంతే.

కాబట్టి ఆ పది డాలర్లు టంకశాల మొదటిసారి అమ్మినప్పుడే పడతాయి. కోఠిలో నేనిచ్చిన ఆరున్నర వేలలో పైసా కూడా ఆ మ్యూజియానికి పోదు. అది 2020 నవంబర్ 11నే తెరుచుకుంది కూడా.

చట్టంలో హద్దు ఉంది కదా, అరుదైనదని ఎవరైనా ఊదరగొడితే నమ్మకండి. వెండివి ఐదు లక్షల దరిదాపులకి కూడా అమ్ముడుపోలేదు. 2005లో, అమెరికా సైనిక దళాల్లో ఇంకోటైన మెరైన్ కోర్‌కి 230 ఏళ్లయినప్పుడు వేసిన వెండి డాలర్ సంగతి వేరు. ఐదు లక్షల హద్దుని ఆరు లక్షలకి పెంచినా దాదాపు అన్నీ పోయాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఇవో జిమా దీవి మీద మెరైన్లు జెండా ఎత్తే బొమ్మ మహత్యం అది.

అదే దుకాణంలో ఆర్మీ అర డాలర్ కూడా చూశాను. రాగి నికెల్‌ది, వెండి కాదు. బొమ్మ మాత్రం నాకు వెండిదాని కన్నా నచ్చింది. వరదకి అడ్డుకట్ట కడుతున్న సైనికులు, పక్కన సర్వే చేస్తున్నవాడు, ఆర్మీ వాళ్ల రెడ్‌స్టోన్ రాకెట్. 2020 అక్టోబర్ వానలకి హైదరాబాద్ కాలనీల్లో పడవలేసుకుని దిగిన జవాన్లని చూసినవాళ్లకి ఆ బొమ్మ వెంటనే అర్థమవుతుంది. తుపాకీ లేని సైనికుణ్ణి నాణెం మీద వేయాలని తోచడమే గొప్ప.

మనకి విడిగా చట్టం అక్కర్లేదు. 2011 నాణేల చట్టం కింద కేంద్రం గెజిట్‌లో నోటిఫికేషన్ ఇస్తే చాలు. 1965 యుద్ధానికి యాభై ఏళ్లయినప్పుడు, 2015లో, అమర్ జవాన్ బొమ్మతో ఐదు రూపాయల నాణెం అలాగే వచ్చింది. పని త్వరగా అవుతుంది, ఒప్పుకుంటాను. కానీ నాణెం కొన్నవాడి డబ్బులో ఇంత భాగం ఫలానా చోటికి అని అంకె వేసి రాసే పద్ధతి మనకీ ఉంటే నేను వరసలో ముందు నిలబడతాను. సైఫాబాద్ పాత టంకశాలలో పెట్టిన మ్యూజియం చూశారా? చూడకపోతే వెళ్లండి. అలాంటివాటికి ఆ సొమ్ము వెళ్లేలా రాసుకోవచ్చు.

కొనేవాళ్లకి రెండు మాటలు. క్యాప్సూల్ తెరవొద్దు, వేలిముద్ర పడితే పోదు. నల్లబడిందని చింతపండు పెట్టి తోమారంటే ప్రూఫ్ విలువ అక్కడికక్కడే పోతుంది. మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో వేస్తే మన వానాకాలానికి ఆకుపచ్చగా జిడ్డు పడుతుంది. పెట్టె, సర్టిఫికెట్ రెండూ లేకపోతే వెండి రేటుకి మించి ఒక్క రూపాయి ఇవ్వకండి.