సుడోకు క్యూబ్ కొనేటప్పుడు నడిమి గడులు చూసుకోండి

తిరుపతి గాంధీ రోడ్డులో ఒక బొమ్మల కొట్లో ఈ క్యూబ్ కొన్నాను, 350 రూపాయలు. మామూలు రూబిక్స్ క్యూబ్ లాగే ఆరు రంగులు, పైగా ప్రతి ముఖం మీదా 1 నుంచి 9 దాకా అంకెలు వరసగా, నడిమి గడిలో 5. ఆ డబ్బుకి చాలా మంచి వస్తువు.

రంగులు ఉండగా అంకెలు ఎందుకు, అందానికేగా అని కొట్లో అబ్బాయి అన్నాడు. అందానికి కాదు. మామూలు క్యూబ్‌లో నడిమి గడి ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది, ఒకే రంగు కాబట్టి ఎంత తిరిగిందో కనపడదు, మనకి అవసరమూ లేదు. దాని మీద 5 ఉందంటే మాత్రం రంగులన్నీ కుదిరి, మూలలూ అంచులూ సరిగ్గా కూర్చున్నాక కూడా ఒక 5 తలకిందులుగానో, ఇంకో రెండు పక్కకి పడుకొనో కనిపిస్తాయి. మామూలు క్యూబ్ అమరికలు 43 పక్కన 18 సున్నాలు పెట్టినన్ని, ఇందులో అంతకి 2048 రెట్లు!

తలకిందులైన 5 సులువే. ఆ ముఖాన్ని పైకి పెట్టుకొని ఆర్, యు, ఆర్ ప్రైమ్, యు అని ఐదుసార్లు తిప్పండి (ఆర్ అంటే కుడి ముఖాన్ని, యు అంటే పై ముఖాన్ని గడియారం ముల్లు దిశలో పావు చుట్టు తిప్పడం, ప్రైమ్ అంటే దానికి వెనక్కి). మధ్యలో అంతా చెడిపోయినట్టే ఉంటుంది, కంగారుపడి ఆపొద్దు, చివరికి అన్నీ తమ చోటికి వచ్చేస్తాయి, పైన 5 ఒక్కటే నిటారుగా తిరిగి ఉంటుంది. అది చూస్తే ఎంత ఆనందమో! పక్కకి పడుకున్నవి మాత్రం ఎప్పుడూ సరిసంఖ్యలోనే ఉంటాయి, వాటిని రెండేసి చొప్పున సరిచేయాలి, దానికి ఇంకా పెద్ద ఫార్ములా కావాలి, టెన్షన్ అంతా అక్కడే. చిత్తూరు బస్సెక్కితే నేను చేసేది అదే ప్రాక్టీసు.

అందుకే కొట్లోనే డబ్బా విప్పించి ఆరు 5లూ చూడండి. మిగతా అంతా సరిగ్గా ఉండి ఒక్క 5 మాత్రమే పక్కకి ఉందంటే స్టిక్కర్ తప్పుగా అంటించారని అర్థం, ఎన్ని తిప్పులు తిప్పినా అది సరికాదు. నాకు మొదట ఇచ్చిన పీస్ అలాంటిదే, అడగ్గానే మార్చి ఇచ్చారు. తిప్పడం కొంచెం గట్టిగా ఉంది, సిలికాన్ ఆయిల్ ఒక చుక్క వేశాక బాగా వదులైంది. స్టిక్కర్ల అంచులు లేస్తాయేమోనని తడి చేత్తో ముట్టుకోవడం లేదు.

రంగులు లేకుండా అంకెలు మాత్రమే ఉన్న రకం కూడా దొరుకుతుంది. అమెరికాలో జే హొరోవిట్జ్ అనే ఆయన 2006లో సుడోకుని క్యూబ్ మీదికి తెచ్చారు. రంగు లేకపోతే ఏ ముక్క ఏ ముఖానిదో అంకెని బట్టి, అది తిరిగి ఉన్న దిక్కుని బట్టి తేల్చుకోవాలి, అది చాలా కష్టం. మామూలు క్యూబ్ చూడకుండా ఫార్ములాలు చెప్పగలిగే పిల్లలకైతే ఈ రంగుల రకం ఇప్పుడే కొనివ్వండి, ఇంకా నేర్చుకుంటున్నవాళ్లకి మాత్రం కొన్నాళ్లు ఆగండి.