ఒత్తులు సరిగ్గా పడుతున్నాయి కాబట్టే స్క్రైబస్ ఇంకా వదల్లేదు

స్క్రైబస్ అంటే పత్రికల, పుస్తకాల పేజీలు కట్టే ఉచిత సాఫ్ట్‌వేర్, అంతకుమించి అదేంటో, ఎలా ఇన్‌స్టాల్ చేసుకోవాలో మళ్ళీ చెప్పను, వెతికితే బోలెడు దొరుకుతాయి. నేను చెప్పాలనుకున్నది ఒక్కటే, దీంట్లో "స్వాతంత్ర్యం" అని కొడితే స్వాతంత్ర్యం అనే పడుతుంది. నవ్వకండి. దీని పాత వెర్షన్ 1.4 తో తెలుగు ప్రయత్నించినోళ్ళకి తెలుసు ఆ నరకం, స కి పొల్లు, దాని పక్కన వా, ఆ తర్వాత త కి పొల్లు, ర కి పొల్లు, చివర్లో య, అన్నీ విడివిడిగా రేషన్ షాపు ముందు క్యూ కట్టినట్టు నిలబడేవి. ఇంగ్లీషు పేజీ అద్దంలా కట్టే సాఫ్ట్‌వేర్ మన భాష దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేసేది.

నేను టెక్నాలజీ మీద రాసి బతికేవాణ్ణి, పేజీలు కట్టడం నా వృత్తి కాదు. తెలిసినవాళ్ళు నడిపే చిన్న సాహిత్య మాసపత్రిక ఒకటుంది, లోపలి పేజీలు కొన్నేళ్ళుగా నేనే కట్టిపెడుతున్నా, దానికి పైసా రాదు, అది వేరే కథ. 2017లో స్క్రైబస్ 1.5.3 వచ్చాక దీన్ని పట్టుకున్నా. అది డెవలప్‌మెంట్ వెర్షన్, అసలు పనికి వాడొద్దని తయారుచేసినవాళ్ళే చెప్పేవాళ్ళు, కానీ ఒత్తులు పడేది దాంట్లోనే కదా మరి, గత్యంతరం ఏముంది. స్టేబుల్ అని పేరు పెట్టి 1.6 ఇచ్చేసరికి 2024 జనవరి అయింది. ఇన్నేళ్ళూ "టెస్టింగ్ కోసం మాత్రమే" అన్నదాంతోనే సంచికలు అచ్చయ్యాయి.

ఇంతకీ ఈ ఒత్తులు ఎవరి పుణ్యం అనుకుంటున్నారు? హైదరాబాద్ వాళ్ళది కాదు, బెంగళూరు వాళ్ళదీ కాదు. ఒమాన్ వాళ్ళది! అక్కడ హోస్ట్ అనే ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్) బృందం ఒకటుంది, వాళ్ళకి కావాల్సింది అరబిక్. అరబిక్‌లోనూ అక్షరం పక్కనున్న అక్షరాన్ని బట్టి రూపం మార్చుకుంటుంది, పైగా కుడి నుంచి ఎడమకి నడుస్తుంది, అది అప్పట్లో స్క్రైబస్‌కి వచ్చేది కాదు. వాళ్ళు కూర్చుని లోపలి టెక్స్ట్ ఇంజిన్‌ని విప్పి అక్షరాల రూపాలు కూర్చిపెట్టే హార్ఫ్‌బజ్ అనే ప్రోగ్రామ్‌కి తగిలించారు. ఆ హార్ఫ్‌బజ్ ఏమో ఇరాన్‌లో పుట్టి కెనడా వెళ్ళిన బెహ్దాద్ ఎస్ఫహ్‌బోద్ నడిపించిన ప్రాజెక్టు, ఇప్పుడు మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెలుగు కనపడేది కూడా దాని చలవే. వర్డ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రె ఆఫీస్ 5.3 కి దాన్నే అన్ని సిస్టమ్స్‌లోనూ తగిలించింది ఈజిప్టు మనిషి ఖాలెద్ హోస్నీ. అరబిక్ కోసం దారి వేస్తే ఆ దారిలో తెలుగు, తమిళం, కంబోడియా వాళ్ళ ఖ్మేర్ అన్నీ నడిచొచ్చేశాయి. మన ఒత్తుల సంగతి వాళ్ళు ప్రత్యేకంగా పట్టించుకుని ఉండరని నా అనుమానం.

పేద దేశాలకి ఓపెన్ సోర్స్ ఎందుకు అంటే మాలాంటి విలేకరులు ముందు డబ్బు లెక్క తీస్తాం. 2003లో రిషబ్ ఘోష్ అనే పరిశోధకుడు ఆ లెక్క కట్టాడు, విండోస్ ఎక్స్‌పీ, ఆఫీస్ కలిపి అమెరికాలో 560 డాలర్లు, వియత్నాంలో అది సగటు తలసరి జీడీపీ ప్రకారం 16 నెలల ఆదాయం కన్నా ఎక్కువ అని. లెక్క కరెక్టే, కానీ మన డీటీపీ సెంటర్లలో ఆ 560 డాలర్లు కట్టిందెవరు చెప్పండి? పేజీలు కట్టే పేజ్‌మేకర్ సీడీ ఒకరి దగ్గర్నుంచి ఒకరికి చేతులు మారింది, అంతే. ఉచితంగా వచ్చిన స్క్రైబస్ పోటీ పడాల్సింది కొన్నదాంతో కాదు, అప్పటికే ఊరికే వచ్చినదాంతో, అందులోనూ అను అనే, ఫోన్లలో నెట్‌లో వాడే యూనికోడ్ పద్ధతి కాని పాత తెలుగు ఫాంట్లతో పదిహేనేళ్ళుగా వేళ్ళు అలవాటైన ఆపరేటర్‌తో. అక్కడ డబ్బు మిగులుతుంది అనే మాట ఎవరికీ ఎక్కదు. కేరళలో ఎక్కింది, కానీ దారి వేరు. స్కూళ్ళలో రెండు లక్షల పైచిలుకు కంప్యూటర్లు లైనక్స్ మీద నడుస్తున్నాయంటే దాని వెనక ప్రభుత్వం ఉంది, టీచర్ల ట్రైనింగ్ ఉంది, మలయాళం ఫాంట్లు కీబోర్డులు తామే చేసుకునే స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ లాంటి గుంపు ఉంది. మన దగ్గర స్వేచ్ఛ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థ వాళ్ళు కష్టపడ్డారు, కాదనను, కానీ డీటీపీ షాపు గుమ్మం దాకా రాలేదు.

ఆ గుమ్మం దగ్గరే నాకు దెబ్బ తగిలింది. ఒక ప్రత్యేక సంచిక, మామూలు కన్నా పేజీలు ఎక్కువ, సభ రోజుకి పుస్తకాలు చేతికి రావాలి. పీడీఎఫ్ చేసి ఆఫ్‌సెట్ ప్రెస్‌కి పంపా. నా దగ్గర, ఎడిటర్ గారి ఫోన్‌లో, అందరి దగ్గరా బంగారంలా ఉంది. ప్రెస్ నుంచి ప్రూఫ్ ఫొటో వాట్సాప్‌లో వచ్చింది, చూస్తే "లక్ష్మి" లో క్ష కింద ఉండాల్సిన మ ఒత్తు పక్క లైన్లో ఉన్న అక్షరం మీద కూర్చుంది, కొన్ని చోట్ల దీర్ఘాలు లేచిపోయాయి, కవి గారి పేరే చదవడానికి వీల్లేకుండా ఉంది. ఫోన్ చేస్తే ఆపరేటర్ "సార్ మీ ఫైలే అలా ఉంది, యూనికోడ్ ఇస్తే ఇంతే, అనులో ఇవ్వండి" అన్నాడు. అనులో ఇవ్వాలంటే మొత్తం కన్వర్ట్ చేసి మళ్ళీ ప్రూఫ్ చదవాలి, టైమ్ ఎక్కడుంది.

ఇంక ఫోన్‌లో తేలదని ప్రెస్‌కే వెళ్ళి అతని పక్కన కూర్చున్నా. అప్పుడు అర్థమైంది. ఆ పిల్లాడు పీడీఎఫ్‌ని పీడీఎఫ్‌లా తీసుకోవట్లేదు, ఫారాలు సెట్ చేయడానికి, అంటే అచ్చు షీటు మీద పేజీలు పేర్చడానికి, కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోకి ఇంపోర్ట్ చేస్తున్నాడు, అది లోపలి టెక్స్ట్‌ని మళ్ళీ టెక్స్ట్‌గా విప్పుతోంది, అతని సిస్టమ్‌లో నా ఫాంట్ లేదు, ఇంకేదో ఫాంట్ తెచ్చి పెడుతోంది. అలా అక్షరం ఒకచోట, ఒత్తు ఒకచోట. అతను ఏళ్ళుగా అందరి ఫైళ్ళూ అలాగే చేస్తున్నాడు, అను ఫైళ్ళతో ఎప్పుడూ ఏమీ కాలేదు, ఎందుకంటే ఆ ఫాంట్లు అతని దగ్గరున్నాయి. "కర్వ్స్ చేసి పంపండి సార్" అని పక్క టేబుల్ పెద్దాయన అన్నాడు, ఆ ఒక్క మాట మొదటి రోజే చెప్పుంటే సరిపోయేది. స్క్రైబస్‌లో పీడీఎఫ్ ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఫాంట్ల ట్యాబ్ ఉంటుంది, అందులో అన్ని ఫాంట్లనీ ఔట్‌లైన్ చేసే ఆప్షన్ ఉంది, కర్వ్స్ అంటే అదే, అది నొక్కితే అక్షరాలు బొమ్మల్లా గీతలైపోతాయి, ఏ సాఫ్ట్‌వేర్‌లో తెరిచినా కదలవు. అక్కడే లాప్‌టాప్ తీసి మళ్ళీ ఎక్స్‌పోర్ట్ చేసి పెన్ డ్రైవ్‌లో ఇచ్చా. ఈసారి లక్ష్మి లక్ష్మిలాగే ఉంది. పుస్తకాలు సభ మొదలయ్యాక ఆటోలో వచ్చాయి, ఆవిష్కరణ మాత్రం కవర్ పేజీ కలర్ ప్రింటుతో కానిచ్చారు.

అయితే ఔట్‌లైన్ చేసిన పీడీఎఫ్‌లో వెతకడం కుదరదు, కాపీ చేయడం కుదరదు. కాబట్టి ప్రతి సంచికకీ రెండు ఫైళ్ళు, ప్రెస్‌కి ఒకటి, నెట్‌లో పెట్టడానికి ఒకటి. యూనికోడ్ వల్ల లాభమే వెతుక్కోగలగడం అని పైనుంచి కిందిదాకా చెప్పే నాలాంటోడికి ఇది కొంచెం నొప్పే.

ఒత్తులు సరిగ్గా పడతాయన్నా కదా, అది కూడా ఫాంట్ మంచిదైతేనే. సిలికానాంధ్ర వాళ్ళు ఇచ్చిన ఫాంట్లు చాలావరకు బాగున్నాయి, నా లోపలి పేజీలు మండలిలో, హెడ్డింగులు రామభద్రలో. కానీ మండలికి బోల్డ్ లేదు. లిబ్రె ఆఫీస్ అయితే లేని బోల్డ్‌ని లావు చేసి చూపించి సర్దేస్తుంది, స్క్రైబస్ అలాంటి మొహమాటాలు పెట్టుకోదు, ఫాంట్‌లో ఉంటే ఉంది లేకపోతే లేదు. వ్యాసం మధ్యలో ఒక మాట లావుగా కావాలంటే నోటో ఫాంట్ తేవాలి, రెండూ పక్కపక్కన పెడితే కంటికి తెలిసిపోతుంది. మూడు కాలమ్స్ పేజీ అయితే ఇంకో తలనొప్పి, మన మాటలు పొడుగు, సన్న కాలమ్‌లో విరగకపోతే లైన్ మధ్యలో గుంటలు పడతాయి. తెలుగు మాటని ఎక్కడ విరవచ్చో చెప్పే నియమాల ఫైలు టెక్ (TeX) అనే అచ్చు కూర్పు ప్రోగ్రామ్ వాడేవాళ్ళ కోసం ఎప్పుడో తయారైంది, అది రాసింది కూడా మలయాళీయే, సంతోష్ తొట్టింగల్! నేను మాత్రం మూడు కాలమ్స్ మానేసి రెండుకి వచ్చేశా. పెద్ద వ్యాసం మొత్తం ఒకదాని నుంచి ఇంకోదాంట్లోకి టెక్స్ట్ పారేలా కలిపిన పెట్టెల్లో, అంటే ఒకే ఫ్రేమ్ గొలుసులో పోస్తే నా పాత లాప్‌టాప్‌లో ఒక్కో అక్షరం ఆలోచించుకుని పడుతుంది, అందుకని టెక్స్ట్ అంతా లిబ్రె ఆఫీస్‌లో సరిచేసుకున్నాకే ఇటు తెస్తా.

మరి తీసుకోమంటారా అంటే, నా పరిస్థితి వేరు. నెలకి ఒక సంచిక, నల్లటి అచ్చు, రచయితలంతా ఫోన్‌లో యూనికోడ్‌లోనే పంపుతారు, పారితోషికం లేని పని కాబట్టి పేజీలు కట్టడానికి నెలవారీ చందా కట్టి ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్ తెచ్చుకోలేను, దొంగ కాపీ పెట్టుకుని సాఫ్ట్‌వేర్ మీద వ్యాసాలు రాయడమూ బాగోదు. ఇవన్నీ మీకూ ఉంటే హాయిగా వాడండి, ప్రెస్ వాళ్ళతో ముందే ఒక పేజీ ట్రయల్ వేయించుకోండి. పెళ్ళి కార్డులు, పాంప్లెట్లు రోజూ చేసే షాపయితే నేను చెప్పను, రంగురంగుల డిజైన్ తెలుగు అక్షరాలు వాళ్ళకి అనులో ఉన్నన్ని ఇక్కడ లేవు. మా పత్రిక కవర్ కూడా ఇప్పటికీ కోరల్‌లోనే అవుతోంది, ఆ పిల్లాడే చేస్తున్నాడు.