చూపులేని పాఠకుడికి పీడీఎఫ్ మేలా, ఈపబ్ మేలా?

తిరుపతి డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో కూర్చిన పుస్తకాన్ని పీడీఎఫ్‌గా ఇస్తే, అక్షరాలు కంటికి ముత్యాల్లా కనిపించినా, యూనికోడ్ (ఏ కంప్యూటరైనా ఒకేలా గుర్తించే అక్షర సంకేతాల పద్ధతి) కాకపోవడంతో ఎన్‌వీడీఏ వంటి స్క్రీన్ రీడర్ (తెరమీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) వాటిని పొంతనలేని గుర్తులుగా చదువుతుంది. స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే వట్టి బొమ్మే. ఏది శీర్షికో ఏది పేరానో తెలిపే ట్యాగులు వేసిన పీడీఎఫ్‌కు 2012 నాటి పీడీఎఫ్/యూఏ అనే అందుబాటు ప్రమాణం ఉంది గానీ, ఫోన్‌లో చూపు మందగించినవారు అక్షరం పెంచితే వరుస తెర దాటిపోతుంది.

ఈపబ్ అనే ఈ-పుస్తక ఫార్మాట్ మూడో వెర్షన్ ఈపబ్ 3లో శీర్షికలు, అధ్యాయాలు, బొమ్మల వివరణలు సరిగా గుర్తించి ఉంచితే, ఎస్వీ యూనివర్సిటీ విద్యార్థి నేరుగా మూడో అధ్యాయానికి వెళ్లగలడు. అక్షరం ఎంత పెంచినా వాక్యం తెరలోనే ఇముడుతుంది. వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూత్రీసీ సంస్థ 2023లో ఈపబ్ 3.3తో పాటు దాని అందుబాటు ప్రమాణాన్నీ ఖరారు చేసింది. నా ఓటు దీనికే. పెళ్లిపత్రికకు మాత్రం పీడీఎఫే నయం. పాత ఫైలును యూనికోడ్‌లోకి మార్చాక వత్తులు సరిచూసే శ్రమ పీడీఎఫ్, ఈపబ్ రెండింటికీ తప్పదు.